‘వృథాగా సముద్రం పాలు’: కృష్ణ పడమటి డెల్టా చెప్పే చరిత్ర

ప్రతి వానాకాలంలోనూ ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన మర్నాడు మన పత్రికలు దాదాపు ఒకే శీర్షిక పెడతాయి. ఇన్ని టీఎంసీల నీరు వృథాగా సముద్రం పాలయిందని. అధికార పక్షం దాన్ని చూపించి కొత్త ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేస్తుంది. ప్రతిపక్షం దాన్నే చూపించి ప్రభుత్వం నిద్రపోతోందంటుంది. రైతుల పక్షాన మాట్లాడేవాళ్ల తీర్మానాల్లోనూ ఇదే వాక్యం దొర్లుతూ ఉంటుంది. దేనిమీదా ఏకీభవించని పక్షాలన్నీ ఒక మాట మీద ఇంత సులువుగా ఏకమైనప్పుడు ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి అవసరానికి పుట్టింది అని అడగడం విమర్శకుడి కనీస బాధ్యత. ఈ వ్యాసంలో నేను చేయబోయేది అంతే. మహాబలేశ్వరం కొండల నుంచి పద్నాలుగు వందల కిలోమీటర్లు నడిచివచ్చే కృష్ణానది చరిత్ర మొత్తం రాయాలన్న దురాశ నాకు లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ల నడుమ ఉన్న ముక్కోణపు నేల మీద నిలబడి ఆ నదిని చూస్తాను. నదికి అది చివర. చివరన నిలబడ్డవాడికి పైనున్నవాడు చేసినదంతా కనిపిస్తుంది.

మొదట ఒక ప్రాథమిక విషయం. ఈ నేల నది పక్కనున్న నేల కాదు, నది పోసిన నేల. వేల సంవత్సరాల కిందట సముద్రపు ఒడ్డు ఇప్పటికన్నా చాలా లోపల ఉండేది. బాపట్ల చుట్టుపక్కల, చందవోలు వైపు పొలాల మధ్య అక్కడక్కడ బారుగా సాగే ఇసుక మెరకలు పాత ఒడ్డు గుర్తులే. దక్కను రేగడి నుంచి, నల్లమల గుట్టల నుంచి ఏటేటా కొట్టుకొచ్చిన ఒండ్రు సముద్రాన్ని ఒక్కో అడుగూ వెనక్కి నెట్టింది. అంటే ‘సముద్రం పాలయిన’ నీరే ఈ తాలూకాలను కన్నది. ఆ నీరు ఆనాడు ‘వృథా’ కాకుండా పైన ఎక్కడో ఆగిపోయి ఉంటే తెనాలి మాగాణీ ఉండేది కాదు, రేపల్లె ఊరూ ఉండేది కాదు. ఇంత తేలిక విషయాన్ని మన ఇంజనీరింగ్ చదువులు మరిచిపోయాయంటే దాని వెనక ఏదో చరిత్ర ఉండి తీరాలి.

ఆ చరిత్రకు భట్టిప్రోలు మంచి ఆరంభం. రేపల్లెకు కూతవేటులో ఉన్న ఈ ఊళ్లో క్రీస్తుకు పూర్వపు బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వి ధాతు కరండాలను, వాటిమీది శాసనాలను బయటపెట్టాడు. దక్షిణ దేశంలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఒకటి. ఆ లిపిని బ్యూలర్ పరిశీలించాక భట్టిప్రోలు పేరు లిపిశాస్త్రంలో స్థిరపడిపోయింది. మనవాళ్లు దీన్ని తెలుగు లిపి పుట్టుకకు ముడిపెట్టి గర్వపడతారు, బాగానే ఉంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ శాసనాల్లోని మనుషులు. కుబేరకుడనే రాజు పేరు ఒకటి ఉన్నమాట నిజమే. మిగిలినవాళ్లు ‘గోష్ఠి’ సభ్యులు, ‘నిగమ’ సభ్యులు, అంటే కూడి పనిచేసిన గృహస్థులు, వర్తకులు. స్తూపం కట్టించింది ఒక్క రాజు బొక్కసం కాదు, నదీముఖంలో ఓడలతో, ధాన్యంతో, సరుకుతో బతికిన ఒక సమాజం. నది సముద్రంలో కలిసే చోటే ఆ సమాజానికి ఆయువుపట్టు. వాళ్లకు ఆ కలయిక వృథా ఎలా అవుతుంది?

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పుకోవాలి. రీ వచ్చేనాటికే ఆ స్తూపం సగం పోయింది. ఇటుకలు రోడ్లకింద పోశారు. చెక్కిన పాలరాతి పలకలను కాలువ తూము కట్టడానికి మోసుకుపోయారు. ఏ కాలువ ఈ నేలకు అన్నం పెట్టిందని మనం చెప్పుకుంటామో ఆ కాలువ రాళ్లలో ఈ నేల తొలి అక్షరాలు పుట్టిన చోటి రాళ్లున్నాయి. అభివృద్ధి దేన్ని మింగి నిలబడిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. తరవాత నూరేళ్లు తిరక్కుండానే నాగార్జునసాగర్ కింద ఇక్ష్వాకుల విజయపురి లోయ మొత్తం మునిగింది. అప్పటికి మనం కొంత నాగరికులమయ్యాం కాబట్టి కట్టడాలను విప్పి కొండ మీదికి చేర్చి మ్యూజియం పెట్టాం.

మధ్యయుగాల మీద ఎక్కువసేపు ఆగను. ఈ ప్రాంతానికి వెలనాడని పేరు. చందవోలు రాజధానిగా పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో వెలనాటి చోడులు చోళ చక్రవర్తుల కింద సామంతులుగా మొదలై తీరమంతా ఏలారు. ఇప్పుడు చందవోలు ఒక పల్లెటూరు. దాని దక్షిణాన నిజాంపట్నం రేవు. యూరపువాళ్లు దాన్ని పెట్టపోలి అన్నారు. 1606లో డచ్చివాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ మచిలీపట్నం పోయేముందు లంగరు వేసింది అక్కడే. ఇంగ్లీషువాడు తెలుగునాట తొలి బేరం మొదలుపెట్టింది కృష్ణ పడమటి పాయ మొగకు చేరువలోనన్నమాట.

రెండు వందల ఇరవై ఏళ్ల తరవాత ఆ బేరం ఎక్కడికి తేలిందో చూద్దాం. 1832 నందన సంవత్సరం. వానలు లేవు. గుంటూరు సీమలో ఐదు లక్షల జనం ఉంటే, వాళ్లలో రెండు లక్షల దాకా తిండిలేక చచ్చిపోయారని లెక్క. డొక్కల కరువని జనం నోట నిలిచిపోయింది. డొక్కలెండిన మనుషులకు పెట్టిన పేరది. పక్కనే కృష్ణ ఉంది. కానీ ఆ చావులన్నీ వానదేవుడి ఖాతాలో రాసేస్తే చరిత్రకు ద్రోహం చేసినట్టే. జమీందార్ల మీద కంపెనీ వేసిన పేష్కష్, దాన్ని రైతు వీపు మీదికి దింపిన జమీందార్లు, ధాన్యం దాచిన వర్తకులు, చెరువుల మరమ్మత్తు పట్టని పాలన, ఇవన్నీ కలిస్తేనే ఆ కరువు. 1845లో గుంటూరు దుస్థితిని విచారించడానికి కంపెనీ వాల్టర్ ఇలియట్‌ను పంపింది. ఆయనే అదే సంవత్సరం అమరావతి స్తూపం తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించాడు. విచారణలో తేలింది రాబడి పడిపోయిందని. రాబడి పడిపోయింది కాబట్టే ఆనకట్ట కావలసివచ్చింది. ఈ వరస తలకిందులు చేసి, కరువుకు చలించిన తెల్లదొర కరుణతో ఆనకట్ట కట్టించాడని మన పాఠ్యపుస్తకాలు రాస్తాయి.

కృష్ణ మీద కట్ట ఆలోచన 1798 నుంచి కాగితాల మీద నలుగుతూనే ఉంది. కంపెనీ డైరెక్టర్లు 1850లో సరేనన్నారు. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. బెజవాడ కొండకూ సీతానగరం కొండకూ మధ్య 1,132 మీటర్ల ఆనకట్ట. ఆర్థర్ కాటన్ దీనికి గట్టి వాదకుడు, దగ్గరుండి కట్టించినవాడు ఓర్. కాటన్‌కు మన జనం పెట్టిన దండల విలువ నేను తగ్గించబోవడం లేదు. ఆయన కట్టించిన గోదావరి, పట్టుబట్టిన కృష్ణ ఆనకట్టలు లక్షలమందికి తిండి పెట్టాయి. అయితే ఆయన వాదించిన తీరు గమనించాలి. సముద్రంలోకి పోయే నీటిని పోయే సొమ్ముగా లెక్కగట్టి లండన్‌లోని వాటాదారులకు చూపించడం ఆ తీరు. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటితీరువాకు విడిగా చట్టం చేసింది. అప్పటినుంచి నీళ్లు రెండు రకాలయ్యాయి: తీరువా వచ్చే నీరు, రాని నీరు. రెండోదాని పేరే వృథా. నేటి మన పత్రికల శీర్షిక ఆ జమాఖర్చుల పుస్తకం నుంచి దిగివచ్చిందే అన్నది నా అభిప్రాయం.

సరే, కాలువలొచ్చాయి. సీతానగరం దగ్గర బయల్దేరిన పడమటి ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలుగా చీలిపోతుంది. బ్యాంక్ కెనాల్ నదిని ఆనుకుని రేపల్లె వైపు దిగుతుంది. నిజాంపట్నం కాలువ తెనాలి మీదుగా సముద్రం వైపు పోతుంది. పడమటి అంచున కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువను అందుకుంటుంది. ఒకప్పుడు బెజవాడలో పడవెక్కినవాడు దిగకుండా మద్రాసు చేరేవాడు. రెండు డెల్టాలూ కలిపి ఈ ఆయకట్టు దాదాపు 13 లక్షల ఎకరాలు, అందులో పడమటి వైపుది 5 లక్షల 70 వేల దాకా. తెనాలి ఊరి గుండా మూడు కాలువలు పారతాయి. ధాన్యం మిల్లులు, కమిషన్ కొట్లు, రైలు, నాటక సమాజాలు, అచ్చాఫీసులు, అన్నీ ఆ కాలువల వెంటే వచ్చాయి. ఆంధ్రా పారిస్ అన్న ముద్దుపేరు వరిగింజ పెట్టిన పేరు. కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టింది అక్కడ, త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం నడిపింది అక్కడ, 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది అక్కడ. 1913లో తొలి ఆంధ్ర మహాసభ బాపట్లలో కూడింది. మిగులు ధాన్యం లేకుండా మిగులు తీరిక ఉండదు, తీరిక లేకుండా ఈ సభలుండవు. మన ఆధునిక సాహిత్యానికి కృష్ణ కాలువలకూ ఉన్న బాకీ సంగతి మన సాహిత్య చరిత్రకారులు ఇంకా సరిగా లెక్క తేల్చలేదు.

ఆ మిగులు ఎవరి చేతికి వెళ్లిందన్నది ఇంకో లెక్క. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన శిస్తు కట్టం పొమ్మన్నారు. సామ్రాజ్యాన్ని కొన్ని వారాలు వణికించిన ఉద్యమం. భూమున్న రైతు తెల్లవాడి మీద తిరగబడిన ఘట్టంగా దాన్ని గౌరవిస్తాం. ఆ భూమిలో నాట్లు వేసినవాళ్లు ఏ జాబితాలోనూ లేరు. వాళ్ల దగ్గరికి తరవాత వస్తాను.

డెల్టా అంటే పచ్చగా ఒకే తీరున పరుచుకున్న నేల అనుకునేవాళ్లు దుగ్గిరాల లాకుల నుంచి కాలువ గట్టు పట్టుకుని నిజాంపట్నం దాకా ఒకసారి పోయి రావాలి. నేను పోయాను. పైన జూన్‌లో కాలువ వదిలితే నారుమళ్లు వెంటనే పచ్చబడతాయి. కిందికి దిగేకొద్దీ తేదీలు జరుగుతూ పోతాయి. రేపల్లె దాటాక ఒక చేను గట్టు మీద కూర్చున్న పెద్దాయనను పలకరించాను. ఆయనది కౌలు సేద్యం.

“కాలువ వదిలి నెలైందంటగా బాబాయ్?”

“వదిల్తే వదిల్లార్లే అబ్బాయ్, మా దాకా రావాలిగా. పైన తూముల కాడ ఎవుడికాడు కట్టేసుకుంటే మాకొచ్చేది వాళ్ల మురుగే. ఆ డ్రెయిను నీళ్లే ఇంజను పెట్టి తోడుకుంటన్నాం.”

“మరి కౌలులో ఏమన్నా తగ్గిస్తాడా ఆసామి?”

“కౌలుకీ నీళ్లకీ సంబంధం ఏందిరా? వచ్చినా అంతే, రాకపోయినా అంతే.”

2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో ఇంకో చట్టం వచ్చింది. యజమాని సంతకం లేనిదే రెండోది పని చేయదు. ఆ పెద్దాయన దగ్గర ఏ కార్డూ లేదు.

మురుగు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కాలువ తవ్వినవాడు తీరువా కోసం తవ్వాడు, మురుగుకు తీరువా లేదు. అందువల్ల నీళ్లు తెచ్చే కాలువల మీద ఉన్న శ్రద్ధ, నీళ్లు తీసే కాలువల మీద మొదటినుంచీ లేదు. డెల్టాకు సాగునీరు ఎంతో మురుగుపారుదల అంతే, ఒకటి ఊపిరి పీల్చడం, రెండోది వదలడం. నల్లమడ, తుంగభద్ర, భట్టిప్రోలు డ్రెయిన్లు పూడి, తూడు, గుర్రపుడెక్క పట్టి వానొస్తే వెనక్కి తంతాయి. 1960లలో మిత్రా కమిటీ ఈ సంగతంతా విచారించి చెప్పింది. ప్రభుత్వం 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం చేసి రైతు దగ్గరే డబ్బు వసూలుకు దిగింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి, కోసిన పనలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఆ నీళ్లు పోవలసిన దారి ఏదో మిత్రా కమిటీ నాటినుంచి అందరికీ తెలుసు.

ఇక నాట్లు వేసిన చేతుల విషయం. ఈ ఆయకట్టు చివర కారంచేడు ఉంది. 1985 జులైలో అక్కడ మాదిగపల్లె వాళ్లు తాగే చెరువులో కుడితి బక్కెట్లు కడగబోతే ఒకాయన వద్దన్నాడు, ఒక స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు, 17న, ఆరుగురు మాదిగలను వేటాడి చంపారు. ఆరేళ్ల తరవాత, 1991 ఆగస్టు 6న, తెనాలి పక్కన చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లోనూ కాలువలోనూ పడేశారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నది మీది వ్యాసంలో ఇవెందుకని ఎవరన్నా అడగవచ్చు. డెల్టాలో కులం నీటి వెంటే పారింది. కాలువ మాగాణిని మాగాణి చేసింది, మాగాణి కొన్ని కులాలను రాష్ట్రం ఏలే స్థాయికి ఎత్తింది, దాంట్లో పనిచేసిన కులానికి మంచినీళ్ల చెరువు మీద కూడా హక్కు మిగల్లేదు. కృష్ణమ్మను తల్లి అని కీర్తించే పద్యాలు మనకు కొల్లలు. ఆ తల్లి ఇచ్చిన నీళ్లలోకి గోతాలు విసిరిన రోజు గురించి రాసినవాళ్లు ఎక్కువగా దళిత కవులే.

ఇప్పుడు పైకి చూద్దాం. 1952లో పాత ఆనకట్టకు గండి పడ్డాక దానికి బదులుగా 1957 నాటికి 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. 1980లలో శ్రీశైలం, తరవాత ఆల్మట్టి, వీటికి తోడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో చిన్నా పెద్దా లెక్కలేనన్ని కట్టలు. ఆనకట్టలు ఆధునిక దేవాలయాలన్న నెహ్రూ మాటను అభ్యుదయ కవులు కూడా మనసారా నమ్మిన కాలమది. తెలంగాణలోనూ పల్నాడులోనూ ఎండిన నేలకు నీరందడం చిన్న విషయం కాదు, డెల్టావాడు దానికి ఏడవడం న్యాయమూ కాదు. బచావత్ ట్రిబ్యునల్ 1970లలో నమ్మదగ్గ నీరు 2,060 టీఎంసీలుగా లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. కృష్ణా డెల్టా వాటా 181.2 టీఎంసీలు. పాత ఆయకట్టు కాబట్టి డెల్టాకు రక్షణ దొరికింది. కానీ ఆ లెక్కలో నదికి వాటా లేదు. సముద్రానికి ఎంత పోవాలి అన్న ప్రశ్నే ఎవరూ అడగలేదు. అడిగేవాడు ఏ రాష్ట్ర వకీలూ కాడు గదా!

ఫలితం అంకెల్లో ఉంది. 1960ల చివర ఏడాదికి సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు డెల్టాకు చేరేది. 2000-2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. మిగిలిందంతా డ్యాముల అడుగున పూడికగా పేరుకుంటోంది. 2001 నుంచి 2004 దాకా వరస కరువేళ్లలో సముద్రానికి చేరిన నీరు లేదన్నా తప్పులేదు. ఒండ్రుతో పుట్టిన నేలకు ఒండ్రు ఆగిపోతే ఏమవుతుంది? తీరం చాలాచోట్ల కోతపడుతోంది. డెల్టా నేల తన బరువుకు తానే కుంగే స్వభావం గలది. ఏటా పైన పడే మట్టి పొర ఆ కుంగుదలను పూడ్చేది. ఇప్పుడు పూడ్చేది లేదు, సముద్ర మట్టం పెరుగుతోంది. సముద్రం ఎగువకు రావడానికి ఇంతకన్నా తెరిచిన తలుపు ఉండదు.

ఆ రాక మొదట కంటికి కనబడదు, నాలుక్కి తెలుస్తుంది. బాపట్ల తీరపు ఇసుక భూముల్లో దొరువులుంటాయి. ఇసుకలో వెడల్పుగా తవ్విన నిస్సారమైన గుంటలవి, అయిదారు అడుగుల్లో తియ్యటి నీరు ఊరుతుంది. ఇసుక కింద ఉప్పునీరు, దానిమీద తేలే వాననీటి పొర, ఆ పొర మీద మీగడ తీసినట్టు తీసే పద్ధతి దొరువు. సముద్ర మట్టం మీద ఒక అడుగు మంచినీరు నిలబడితే కింద నలభై అడుగుల లోతు దాకా ఉప్పునీటిని అదిమిపెడుతుందని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. దాన్నే తిరగేసి చదవండి: పైన ఒక అడుగు తోడితే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి లేస్తుంది. కడవతో తోడిన తరాలు ఈ సూత్రం చదవకుండానే పాటించాయి. కరెంటు మోటారు పాటించదు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో ఉప్పునీటి పరిశోధన చేసినవాళ్లు దొరువు పద్ధతినే మెరుగుపరిచి, లోతుకు పోకుండా అడ్డంగా గొట్టాలు పరిచి పై పొరనే తోడే ఏర్పాటు రూపొందించారు. రైతు తెలివిని ప్రయోగశాల గౌరవించిన అరుదైన సందర్భం. కానీ పొర నిలబడాలంటే వానతో పాటు కాలువలు, మురుగుకాలువలు, నది అన్నీ పారుతూ ఉండాలి.

రేపల్లె కింద, నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు మడ అడవులున్నాయి. నది అవతలి ఒడ్డు అడవితో కలిపి సుమారు 195 చదరపు కిలోమీటర్లు కృష్ణా అభయారణ్యం. నీటిపిల్లి అనే చేపలు పట్టే పిల్లి అక్కడ బతుకుతుంది. మడకు ఉప్పునీరొక్కటే చాలదు, ఏడాదిలో కొన్ని నెలలు నది మంచినీరు కలవాలి. రాలిన మడ ఆకు కుళ్లి రొయ్యపిల్లకు, పీతకు, చేపపిల్లకు మేతవుతుంది. సముద్రంలో గుడ్డు పెట్టిన రొయ్య పిల్లప్రాయమంతా ఈ పాయల్లోనే గడిపి మళ్లీ సముద్రానికి పోతుంది. అంటే వరద నీరు మొగ దాటి పోవడం రొయ్యకు విత్తనం చల్లడం లాంటిది. పాయల్లో వల వేసే పల్లెకారులకు, పీతలు పట్టే యానాదులకు అదే ఆయకట్టు. ఆ ఆయకట్టుకు ఏ ట్రిబ్యునలూ టీఎంసీలు కేటాయించలేదు. 1990లలో రొయ్యల చెరువులు వచ్చి పాయల నుంచి ఉప్పునీటిని మోటార్లతో వరి చేల పక్కకు ఎక్కించాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని ఈ చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో తీర ఆక్వాకల్చర్ చట్టం వచ్చి చెరువుకు లైసెన్సు ఇచ్చింది. పక్క చేనులో తేలిన ఉప్పు మాత్రం పక్క చేనువాడిదే.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి పదివేల మందికి పైగా కొట్టుకుపోయారు. నదికి ఇవతలున్న రేపల్లె, బాపట్ల తాలూకాలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. తరవాత తుపాను షెల్టర్లు కట్టారు, సరుగుడు తోపులు వేశారు. మడను మాత్రం పనికిరాని చిట్టడవిగానే చూడటం చాలాకాలం పోలేదు.

నీళ్లు లేని నది ఉన్నట్టుండి నీళ్లయిపోవడం దీనికి రెండో ముఖం. 2009 అక్టోబరులో బ్యారేజీ మీద 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఓలేరు దగ్గర కరకట్ట తెగి భట్టిప్రోలు, రేపల్లె వైపు పల్లెలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ రికార్డూ దాటి 11.43 లక్షలు వచ్చింది. లంకల్లో అరటి, పసుపు, కంద నేలకు కరుచుకుపోయాయి. రెండు వరదల మధ్య ఏళ్లలో నదిగర్భంలో ఇసుక తవ్వకం, లంకల ఆక్రమణ, కరకట్ట మీద ఇళ్లు. డ్యాము నిండేదాకా ఒక్క చుక్క వదలరు, నిండాక ఒకేసారి వదులుతారు. మధ్యస్థంగా పారే నది అన్నది ఈ తరం డెల్టా పిల్లలు చూడలేదు.

2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్లు బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుస్తున్నాయి. తెనాలి కాలువలో జులైలో పారే నీళ్లలో గోదావరి ఎంతో కృష్ణ ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వరి బతికింది, మంచిదే. గోదావరి మొగల దగ్గర వల వేసేవాళ్ల సంగతి మరో డెల్టావాడు మరో వ్యాసంలో రాయాలి.

చివరిగా ఒక అంకె. బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో సగటు నీరు 2,578 టీఎంసీలుగా పట్టి మూడు రాష్ట్రాలకూ పంచింది. 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో అది గెజెట్‌కెక్కకుండా ఆగింది. 2014లో రాష్ట్రం విడిపోయాక 512, 299 అంటూ ఇంకో తగాదా మొదలైంది. ఆ నిర్ణయంలో బచావత్ నాడు లేనిది ఒకటుంది: నదిలో కనీస ప్రవాహం కోసం మహారాష్ట్ర 3, కర్ణాటక 7, ఆంధ్ర 6, మొత్తం 16 టీఎంసీలు వదలాలని. 2,578లో నది కోసం 16. దానిమీద మన పత్రికల్లో సంపాదకీయాలు వచ్చిన గుర్తు నాకు లేదు. నిజాంపట్నం పాయల్లో పీతలు పట్టే యానాదులకు ఈ పదహారు సంగతి చెబితే, అవి ఎప్పుడు వదులుతారు, ఏ నెలలో అని అడిగారు. మడకు నీరు కావలసిన నెలలు వాళ్లకు తెలుసు. నా దగ్గరున్న కాగితాల్లో నెలలు లేవు.